సమాధి రాయితో సముద్రం మీద

పోయిన వారం ఈ ముగ్గురినీ మనం బెక్వే రేవులో, లంగరు ఎత్తుతుండగా వదిలిపెట్టాం. ఇప్పుడా దీవి వాళ్ళ వెనక ఆకుపచ్చ మరకలా మిగిలింది. 'లేడీ కొరాలీ' రెండు తెరచాపల నిండా తూర్పు గాలి పట్టుకుని దక్షిణానికి పరుగెడుతోంది. చుక్కాని పట్టింది ఇస్మే. మా కారియాకూ దీవిలో సరంగు అనిపించుకున్న ఆడమనిషి ఆమె ఒక్కతే. మోకుల దగ్గర ఆమె మరిది హాలిస్. కింద, అడుగు గదిలో, అత్తగారు యుఫీమియా. మా విండ్‌వర్డ్ ఊళ్ళో చిన్నాపెద్దా అందరికీ ఆవిడ ఫీమమ్మ.

ఫీమమ్మ పక్కనే తెల్లదుప్పటి చుట్టి, మోకులతో బిగించిన సమాధి రాయి ఉంది. సెయింట్ విన్సెంట్ దీవిలోని కింగ్స్‌టౌన్‌లో చెక్కించి తెస్తున్న రాయి. దాని మీద ఉన్న పేరు ఆల్డ్రిక్‌ది. ఫీమమ్మకు పెద్దకొడుకు, హాలిస్‌కు అన్న, ఇస్మేకు మొగుడు. నాలుగేళ్ళ కిందట ఈ నీళ్ళలోనే గాలివానలో కొట్టుకుపోయాడు. శవం దొరకలేదు. ఈ ఆదివారం ఊళ్ళో రాతి విందు. డప్పులు మోగుతాయి, పోయిన పెద్దలకు పళ్ళెం పెడతారు, రాయి నిలబెట్టి దాని మీద రమ్ము చిలకరిస్తారు. అది జరిగేదాకా పోయినవాడు పోయినట్టు కాదు, ఉన్నవాళ్ళు ఉన్నట్టూ కాదు. అందుకే క్రిస్మస్ నాడు హాలిస్ తనను పెళ్ళి చేసుకోమని అడిగినప్పుడు ఇస్మే అవుననీ కాదనీ అనలేదు. "రాయి నిలబెట్టాక చెప్తాను" అంది.

కానవాన్ కొండలు ఎదురుగా లేచేసరికి తూర్పున ఆకాశం రంగు మారింది.

"వదినా, అటు చూశావా?" అన్నాడు హాలిస్.

"చూస్తూనే ఉన్నా. పెద్ద చాప దించు."

హాలిస్ దించాడు.

"ఇంకా."

"ఇంకా దించితే నడక పోతుంది."

"నడక పోతే పోనీ. చాప కొయ్య విరిగితే కొత్తది నువ్వు తెచ్చి నిలబెడతావా?"

హాలిస్ నవ్వలేదు. మామూలుగా అయితే ఆ మాటకు ఏదో ఒకటి ఎదురు విసిరేవాడే. పొద్దున్నుంచీ అతను అలాగే ఉన్నాడు. బెక్వేలో కాఫీ ముట్టలేదు. రాయిని అడుగు గదిలోకి దించిన దగ్గర్నుంచి ఆ గది మూత వంక చూడటం, మళ్ళీ చూపు తిప్పుకోవడం. ఇస్మే గమనించింది కానీ అన్న రాయి కదా, గుండె బరువెక్కి ఉంటుందిలే అనుకుంది.

గాలివాన వాళ్ళ మీద పడింది. ముందు చల్లటి ఊపిరి ఒకటి తగిలింది, ఆ వెంటనే దెబ్బ. పడవ కుడిపక్కకు ఒరిగిపోయి అంచు నీళ్ళలో మునిగింది. వాన అడ్డంగా కొడుతోంది. కానవాన్ కొండలు మాయమయ్యాయి. ఇస్మే రెండు కాళ్ళూ అంచు పలకకు తన్నిపెట్టి, చుక్కాని కర్రను పొట్టకు ఆనించుకుని, కెరటం వచ్చినప్పుడల్లా పడవ ముక్కు కాస్త గాలి వైపు ఎత్తి, దాటాక మళ్ళీ వదులుతోంది. ఇలాంటివి ఆమె చాలా చూసింది. భయం లేదు. ఒళ్ళంతా ఆ పనిలోనే ఉంది.

అప్పుడు కింద నుంచి ఒక చప్పుడు వచ్చింది.

అలల చప్పుడు కాదది. బండను బండతో మోదినట్టు, లోపల నుంచి. పడవ మొత్తం ఆ దెబ్బకు అదిరింది. మరుసటి కెరటానికి మళ్ళీ మోగింది.

"రాయి!" అని అరిచింది ఇస్మే. "కట్టు తెగింది! మీ అమ్మ కిందే ఉంది, వెళ్ళు!"

హాలిస్ మూత లాగి లోపలికి దూకాడు. మరో రెండు కెరటాలు దాటాక అతను తల పైకెత్తాడు.

"అమ్మకేం కాలేదు," అన్నాడు రొప్పుతూ. "రాయి కుడివైపుకి జారిపోయింది. ప్రతి అలకీ పలకల్ని గుద్దుతోంది. ఒక అతుకు విడింది. నీళ్ళు వస్తున్నాయి."

"ఎంత?"

"ఇప్పటికి చీలమండ దాకా. ఇలాగే గుద్దితే పలకే ఊడొస్తుంది."

"సరే, విను. పడవని గాలికి ఎదురు తిప్పి నిలబెడతాను. ఊపు తగ్గుతుంది. నువ్వు కిందికి పోయి రాయికి రెండు పక్కలా మొక్కజొన్న బస్తాలు దట్టించు. విందుకి తెచ్చినవన్నీ ఉన్నాయిగా. పైన అడ్డకర్ర వేసి కట్టు."

హాలిస్ కదల్లేదు. వాన అతని ముఖం మీంచి ధారగా కారుతోంది.

"పారేద్దాం వదినా."

"ఏంటి?"

"రాయి. చాప ఎత్తే మోకుతోనే పైకి లాగుదాం. నేను కట్టేసి వస్తా, కప్పీ మీంచి నువ్వు ఒక్క చేత్తో లాగినా లేస్తుంది. అంచు దాటించి నీళ్ళలో వదిలేద్దాం."

"పిచ్చి పట్టిందా నీకు? ఈ ఊపులో అంత బండని పైకి ఎత్తితే అది తిరిగొచ్చి కొయ్యని కొడుతుంది. బస్తాలు పెట్టి కట్టమంటున్నాను. నీకు చేతకాని పనా అది?"

"చేతవును."

"మరి?"

"పారేద్దాం."

"అది మీ అన్న రాయిరా!" ఇస్మే గొంతు చీరుకుపోయింది. కోపం వస్తే గాని మరిదిని ఆమె అలా పిలవదు. "మట్టి కూడా దక్కని మనిషికి మనం చేయగలిగింది అదొక్కటే. దాన్ని చెత్తలాగా నీళ్ళలో..."

"అన్నకి రాయి అక్కర్లేదు!"

గాలి ఆ మాటను సగం ఎత్తుకుపోయింది. హాలిస్ మూత అంచు రెండు చేతులతో పట్టుకుని, ఆమె కళ్ళలోకి కాకుండా ఆమె పాదాల వైపు చూస్తూ, ఈసారి ఇంకా గట్టిగా అరిచాడు.

"అన్న చావలేదు వదినా. బతికే ఉన్నాడు."

పెద్ద కెరటం వస్తోంది. ఇస్మే దాన్ని చూసింది. పడవ ముక్కు ఎత్తింది, దాటించింది, వదిలింది. చేతులు వాటి పని అవి చేశాయి. ఆ మాట ఆమెకు చేరడానికి మరో కెరటం పట్టింది.

"మళ్ళీ చెప్పు."

"బతికే ఉన్నాడు. సెయింట్ విన్సెంట్‌లో. కొండల్లో, లోపలెక్కడో అరటితోట వేసుకున్నాడు. ఆ రోజు గాలివాన వచ్చిన మాట నిజమే. కానీ అన్న నీళ్ళలో పడలేదు. అది తగ్గాక నేనే చిన్నపడవలో ఒడ్డుకి దించాను. తనే అడిగాడు. చచ్చిపోయానని చెప్పమన్నాడు. చెప్పాను."

"ఎందుకు?"

"భయం."

"ఎవరంటే?"

"ఎవరూ కాదు. నీళ్ళంటే."

ఇస్మే నవ్వింది. నవ్వు అనుకోకుండా వచ్చింది, వచ్చాక ఆగలేదు. తాత, తండ్రి, మేనమామలు అందరూ పడవ మనుషులే. ఈ కొరాలీ పలకలు చెక్కింది ఆల్డ్రికే. అతనికి నీళ్ళంటే భయమట.

"నవ్వకు," అన్నాడు హాలిస్. "అంతకు ముందు సంవత్సరం పడవ బోర్లాపడి చాప కింద చిక్కుకున్నాడు చూడు, అప్పట్నుంచి. ఎవరికీ చెప్పలేదు. పడవ ఎక్కే ప్రతిసారీ ముందు పోయి వాంతి చేసుకునేవాడు."

ఆమె నవ్వు ఆగిపోయింది.

గుర్తొచ్చింది. తెల్లవారుజామున గోడ పక్కన వంగి నిలబడ్డ మనిషి. ఏమైందంటే, రాత్రి చేప పడలేదు అనేవాడు. ఎన్నిసార్లు పడలేదో! ఒకసారి రేవులో పదిమంది ముందు తనే అంది, "మా ఆయనకి చేపా పడదు, నీళ్ళూ పడవు, చీర కట్టి ఇంట్లో కూర్చోబెడతాను" అని. అందరూ పొట్టలు పట్టుకుని నవ్వారు. ఆల్డ్రిక్ కూడా నవ్వాడు.

కింద రాయి మళ్ళీ మోదింది. ఈసారి కర్ర చిట్లిన చప్పుడు కూడా వినిపించింది.

"చుక్కాని పట్టుకో," అంది ఇస్మే.

"వదినా..."

"పట్టుకో! గాలికి ఎదురు పెట్టి ఉంచు. కదిలించావంటే ఈసారి నిజంగానే మీ అమ్మ చస్తుంది."

అడుగు గదిలో మసక చీకటి. మొక్కజొన్న వాసన, తడిసిన కొయ్య వాసన. నీళ్ళు అటూ ఇటూ పారుతున్నాయి. ఫీమమ్మ పడవ పక్కటెముకకు వీపు ఆనించి, రెండు కాళ్ళూ చాపి, అరికాళ్ళతో రాయిని తన్నిపట్టి కూర్చుంది. నుదుటి మీద చిన్న గాటు, రక్తం కనుబొమ మీదికి జారింది. దుప్పటి ఊడిపోయింది. నల్లరాతి మీద తెల్లటి అక్షరాలు తడికి మెరుస్తున్నాయి. ఆల్డ్రిక్. ఆ కింద, 'సముద్రం తీసుకుంది.'

"ఆ బస్తా ఇటు తొయ్యి," అంది ఫీమమ్మ. "చూస్తావేం? నా మోకాళ్ళు ఎంతసేపు ఆగుతాయి?"

ఇస్మే బస్తా లాక్కొచ్చి రాయికి, పలకలకు మధ్య కూరింది. రెండోది లాక్కొచ్చింది. పడవ గాలికి ఎదురు తిరిగి నిలబడటంతో ఊపు కాస్త సర్దుకుంది. ఇద్దరూ కలిసి రాయిని భుజాలతో నెట్టి, అడ్డకర్ర బిగించి, తడి మోకుతో కట్టారు. విడిపోయిన అతుకులో ఫీమమ్మ తన తలగుడ్డ చింపి, కత్తి మొనతో కుక్కింది. ఇలాంటి పని ఆవిడకు కొత్తకాదు. ముప్ఫై ఏళ్ళు మొగుడితో పడవల మీదే సంసారం చేసింది.

"అత్తా," అంది ఇస్మే, ముడి బిగిస్తూ. "పైన అరిచింది వినబడిందా?"

"గాలికే వినబడింది, నాకు వినబడదా?"

"హాలిస్ చెప్పేది నిజమేనా అని అడగవేం?"

ఫీమమ్మ నీళ్ళలో తేలుతున్న తెల్లదుప్పటి తీసి పిండసాగింది. పిండిందే పిండుతోంది.

ఇస్మే చేతులు ముడి మీదే ఆగిపోయాయి.

"నీకు తెలుసు."

"అమ్మాయ్..."

"నీకు తెలుసు! కళ్ళ డాక్టరు దగ్గరికంటూ కింగ్స్‌టౌన్ వెళ్ళొస్తావు. నేనే దించేదాన్ని. రేవులో నీ కోసం ఎదురుచూస్తూ కూర్చునేదాన్ని. నీ కళ్ళకి ఏ జబ్బూ లేదు."

"లేదు," అంది ఫీమమ్మ. "నా కళ్ళు బాగానే ఉన్నాయి. రెండేళ్ళ కిందట బజార్లో అరటిగెలలు దించుతూ ఎదురుపడ్డాడు. పారిపోబోయాడు. చొక్కా పట్టుకున్నాను. నడిబజార్లో నా కాళ్ళ మీద పడిపోయాడే. ఊళ్ళో చెప్పకమ్మా, చచ్చినవాణ్ణి చచ్చినట్టే ఉండనీ అన్నాడు. ఏం చెయ్యమంటావు? కన్నదాన్ని."

"నేనెవర్ని?"

ఫీమమ్మ పిండిన దుప్పటి మళ్ళీ రాయి మీద కప్పసాగింది.

"వారం రోజులు వెతికానత్తా. ఊళ్ళో పడవలన్నీ వెనక్కి వెళ్ళిపోయినా వెతికాను. పేరు పెట్టి పిలిచి పిలిచి గొంతు పోయింది. తేలే ప్రతి కొబ్బరిమట్టా ఆయన తల లాగే కనబడేది. నీ చిన్నకొడుకు నా పక్కనే నిలబడి, తనూ పిలిచాడు. 'అన్నా! అన్నా!' అని. తెలిసి ఎలా పిలిచాడత్తా? నాటకమా?"

పై నుంచి హాలిస్ గొంతు వినిపించింది. మూత తెరిచే ఉంది. "నాటకం కాదు వదినా. అలా పిలిస్తే నిజంగానే వచ్చేస్తాడేమో అనుకున్నాను."

"నువ్వు నోరుముయ్యి!" అన్నారు ఇద్దరు ఆడవాళ్ళూ ఒకేసారి.

వాన ఎలా వచ్చిందో అలాగే పోయింది. పడవ మీద మళ్ళీ ఎండ పరుచుకుంది. ఇస్మే పైకి వచ్చి ఏమీ అనకుండా చుక్కాని అందుకుంది. హాలిస్ చాప ఎత్తి, తర్వాత బకెట్టుతో అడుగు నీళ్ళు తోడిపోస్తూ ఉండిపోయాడు. ఫీమమ్మ కూడా మెల్లగా ఎక్కివచ్చి కొయ్య మొదట్లో కూర్చుంది. కానవాన్ వెనకబడింది. మైరో దీవి పక్కగా, పగడపు దిబ్బల మీద లేతనీలం నీళ్ళ అంచున పోతున్నారు. సెలవులకు వచ్చినవాళ్ళ తెల్లటి పడవ ఒకటి దగ్గరగా దాటింది. అందులోంచి ఒకామె చెయ్యి ఊపింది. ముగ్గురిలో ఎవరూ తిరిగి ఊపలేదు.

"ఈ రాయి ఎందుకు చెక్కించావు?" అడిగింది ఇస్మే చివరికి. "బతికున్న కొడుక్కి ఏ తల్లయినా సమాధి రాయి చెక్కిస్తుందా?"

"నీ కోసమే," అంది ఫీమమ్మ. "ఇంకెవరి కోసం? ఎన్నాళ్ళు అటూ ఇటూ కాకుండా ఉంటావు? చిన్నవాడు నిన్ను అడిగాడని తెలిసింది. రాయి నిలబడితే నీ దారి నీకు ఉంటుందనుకున్నాను. చేసిన పాపమేదో నా నెత్తిన ఉంటుంది. నేనెంతకాలం బతుకుతాను?"

"మొగుడు బతికుండగా నాకు ఇంకో పెళ్ళి చేద్దామనుకున్నావు."

"వాడు తిరిగి రాడే."

"ఆ సంగతి నాకెవరు చెప్పారు? నన్నెవరు అడిగారు?" ఇస్మే అరవలేదు. గొంతు మామూలుగానే ఉంది. అదే వాళ్ళిద్దరికీ భయం పుట్టించింది. "ముగ్గురూ కలిసి నన్ను విధవను చేశారు. ఒకడు పారిపోయి, ఒకడు అబద్ధమాడి, ఒకావిడ నోరు మూసుకుని. ఇప్పుడు ముగ్గురూ కలిసి నన్ను పెళ్ళికూతుర్ని చేద్దామనుకున్నారు. ఏం, నేను పడవనా? ఎవరు పట్టుకుంటే వాళ్ళ వైపు తిరగడానికి?"

హాలిస్ బకెట్టు కింద పెట్టాడు.

"అందుకే చెప్పాను వదినా. అమ్మకి తెలుసని నాకు తెలియదు, ఒట్టు. ఆదివారం దగ్గరపడే కొద్దీ నిద్ర పోలేదు. నువ్వు కాదంటావేమో అని కాదు. సరేనంటావేమో అని."

ఇస్మే అతని వైపు చూసింది. ఈ నాలుగేళ్ళూ పొద్దున లేస్తే ఈ మనిషితోనే పని. పడవకు తారు పూసినా, చాప కుట్టినా, కెరటాలతో కొట్లాడినా పక్కన ఇతనే. 'సరే' అనాలనే ఆమె కూడా అనుకుంది. పోయిన నెలలోనే అనుకుంది. ఆ మాట ఇప్పుడు ఎవరికీ చెప్పదు.

"నేనేమనేదాన్నో నీకెందుకు ఇక," అంది.

యూనియన్ దీవి కొండలు ఎదురుగా ముళ్ళలా నిలబడ్డాయి. సెయింట్ విన్సెంట్ వాళ్ళ దీవుల్లో అదే ఆఖరిది. అది దాటితే మా నీళ్ళు. అక్కడి క్లిఫ్టన్ రేవులో ఆగి, కస్టమ్స్‌లో కాయితాల మీద ముద్ర వేయించుకుంటే గాని ఎవరూ కారియాకూకు పోరు.

"ఆగకుండా పోదాం," అంది ఇస్మే. "రేపు నేనే వెనక్కి వచ్చి ముద్ర వేయించుకుంటాను. ఇవాళ నాకు మనుషుల ముఖాలు చూడాలని లేదు."

"ఆగాలి," అంది ఫీమమ్మ.

"పట్టుకుంటే జరిమానా నేను కట్టుకుంటాలే అత్తా."

"జరిమానా గురించి కాదు." ముసలావిడ చేతులు ఒళ్ళో ఒకదాన్నొకటి నలుపుకుంటున్నాయి. "వాడు అక్కడున్నాడు."

చుక్కాని కర్ర ఇస్మే చేతిలో జారి, పడవ ముక్కు తూగింది. చాప ఒక్కసారి టపటప కొట్టుకుంది.

"క్లిఫ్టన్‌లోనా? అన్నా?" అన్నాడు హాలిస్. "అన్న ఫెర్రీ ఎక్కాడా?"

"నిన్నటి ఫెర్రీకి దిగి ఉండాలి. కింగ్స్‌టౌన్‌లో రాయి చూడటానికి వచ్చాడు. చెక్కేవాడి కొట్లో, తన పేరు మీద చెయ్యి పెట్టి చాలాసేపు నిలబడ్డాడు. అప్పుడన్నాడు, ఇది నిలబెట్టే లోపల ఆమెని ఒకసారి చూడాలమ్మా అని. దూరం నుంచి చాలు అన్నాడు. దూరం లేదు గీరం లేదు, ఎదుటపడి మాట్లాడు, లేదంటే ఆ కొండల్లోనే కుళ్ళు అన్నాను. ఫెర్రీ టికెట్ కొని చేతిలో పెట్టాను." ఫీమమ్మ ముక్కు చీదింది. "ఎక్కి ఉంటాడో లేదో నాకూ తెలియదు. వాడికి వంతెన మీద నిలబడితేనే చెమటలు పడతాయి."

ఇస్మే జారిన కర్రను మళ్ళీ పట్టుకుంది. గాలి పక్క నుంచి సాఫీగా వస్తోంది. ఇలాగే వదిలేస్తే పడవ దానంతటదే మా ఊరి వైపు పోతుంది. క్లిఫ్టన్‌కి పోవాలంటే చుక్కాని తిప్పాలి, చాప బిగించాలి, దిబ్బల మధ్య దారి చూసుకోవాలి. అవన్నీ కావాలని చేయాలి.

"హాలిస్," అంది. "ముందుకు పోయి నిలబడు. దిబ్బలు చూసి చెప్పు."

క్లిఫ్టన్ రేవు ఎండలో వెలుగుతోంది. రంగురంగుల గోడలు, చేపల కొట్టు, మేకలు, ఎక్కడో రేడియో. జెట్టీ మీద జనం అంచున కాళ్ళు వేలాడేసుకుని కబుర్లాడుతున్నారు. అందరికీ వెనగ్గా, ఐసు గదుల గోడకు వీపు ఆనించి ఒకతను నిలబడ్డాడు. పొడుగు చేతుల చొక్కా, తలకు గడ్డి టోపీ. జెట్టీ మీద నీళ్ళకు అంత దూరంగా నిలబడ్డ మనిషి అతనొక్కడే.

పడవను అతను ముందు చూశాడు. తను చెక్కిన పడవ. గోడ నుంచి వీపు ఎడం చేశాడు.

"జెట్టీకి కడదామా?" అడిగాడు హాలిస్.

"వద్దు. ఇక్కడే లంగరు వెయ్యి."

"ఇక్కడా? ఇంత దూరంలోనా?"

"వెయ్యమన్నాను."

గొలుసు గలగలమంటూ దిగింది. పడవ గాలికి ముఖం పెట్టి ఆగింది.

"కాయితాలు తీసుకుని కస్టమ్స్‌కి పో," అంది ఇస్మే. "చిన్నపడవ జెట్టీకి కట్టి, తెడ్లు అందులోనే ఉంచు. నువ్వు తిరిగి రావద్దు. మాట్లాడాలని ఉంటే ఆయన్నే వేసుకు రమ్మను."

"వదినా! తెడ్లు పట్టి నాలుగేళ్ళయింది. చెప్పాను కదా, అన్నకి నీళ్ళంటే..."

"చెప్పావు. ఇవాళే చెప్పావు."

"అమ్మాయ్, దయ చూడవే," అంది ఫీమమ్మ.

"నాలుగేళ్ళు ఎదురు చూశాను అత్తా, తెలియకుండానే. ఇంకో పావుగంట తెలిసి చూస్తాను."

హాలిస్ చిన్నపడవ దించి వెళ్ళిపోయాడు. జెట్టీ మీద అన్నదమ్ములిద్దరూ ఎదురుపడటం ఇస్మే చూసింది. వాటేసుకోలేదు. హాలిస్ ఏదో అని, చేత్తో కొరాలీ వైపు చూపించాడు. ఆల్డ్రిక్ తల అడ్డంగా ఊపాడు. హాలిస్ మళ్ళీ ఏదో అన్నాడు. ఆల్డ్రిక్ టోపీ తీసి తమ్ముడి చేతిలో పెట్టి, జెట్టీ అంచు దాకా నడిచాడు. అక్కడ ఆగాడు. మోకాళ్ళ మీద కూర్చుని, చేతులతో తడుముకుంటూ, చిన్నపిల్లాడు మెట్లు దిగినట్టు వెనక్కి తిరిగి పడవలోకి దిగాడు.

మొదటి రెండు తెడ్డు వేట్లూ తప్పాయి. పడవ గుండ్రంగా తిరిగింది. జెట్టీ మీద ఎవరో నవ్వారు. ఆల్డ్రిక్ నవ్వలేదు. దవడ బిగించి, కళ్ళు పడవ అడుగు మీదే పెట్టి, ఒక్కో తెడ్డూ ముంచి లాగుతున్నాడు. ఫీమమ్మ పెదవులు కదుపుతూ ప్రార్థన మొదలుపెట్టింది. ఇస్మే చుక్కాని కర్ర మీద చేతులు పెట్టుకుని కూర్చునే ఉంది. లేచి నిలబడితే ఏం చేస్తుందో ఆమెకే తెలియదు.

దగ్గరికి వచ్చే కొద్దీ ముఖం తెలిసింది. గడ్డం నెరిసింది. భుజాలు ఇంకా అవే. చొక్కా మొత్తం చెమటతో తడిసిపోయింది. తెడ్లు పడవ అంచు మీద టకటక కొట్టుకుంటున్నాయి. అయినా ఆపలేదు. తాడు విసిరితే అందేంత దూరానికి వచ్చి, అప్పుడు ఆగి, మొదటిసారి తల ఎత్తాడు.

"ఇస్మే," అన్నాడు.

ఆ గొంతు వినగానే ఆమె పళ్ళు బిగబట్టుకుంది.

"హాలిస్ నీకు చెప్పాడా?" అడిగాడు ఆల్డ్రిక్.

"చెప్పాడు. నీళ్ళంటే భయమన్నావట. చచ్చిపోయానని చెప్పమని నువ్వే అడిగావట."

ఆల్డ్రిక్ తెడ్లు వదిలేసి రెండు చేతులతో పడవ అంచులు పట్టుకున్నాడు.

"భయం నిజం," అన్నాడు. "పారిపోయింది నేనే. అందులో నా తప్పు ఎవరి మీదా పెట్టను. కానీ ఇస్మే, నేను అడిగింది ఒడ్డున దించమని. కొన్నాళ్ళు కనబడకుండా ఉండి, ధైర్యం వచ్చాక నీకు నేనే వచ్చి చెబుతానన్నాను. చచ్చిపోయానని చెబుదామన్న మాట నాది కాదు. ఎవరిదో అది కూడా చెప్పాడా వాడు?"

ఫీమమ్మ ప్రార్థన ఆగిపోయింది.

ఇస్మే అతని భుజం మీదుగా జెట్టీ వైపు చూసింది. కస్టమ్స్ ఆఫీసుకు వెళ్ళమన్న హాలిస్ ఇంకా అంచునే నిలబడి ఉన్నాడు, చేతిలో అన్న టోపీతో. నీళ్ళ మీద మాట దూరం పోతుంది. అతనికి వినబడింది. కాదని తల ఊపుతాడేమోనని ఇస్మే చూసింది.

హాలిస్ తల ఊపలేదు.